ఏ కొలత నుంచి ఏ కొలతకైనా పాస్కల్ మీదుగా

(పీడనం ప్రమాణాల మార్పిడిపై సాంకేతిక విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ప్రింటర్‌లో పెట్టే మామూలు తెల్ల కాగితం ఒకటి ఈ బల్ల మీద పరుస్తున్నాను. ఇది 80 జీఎస్‌ఎం కాగితం. అంటే చదరపు మీటరు కాగితం 80 గ్రాములు తూగుతుంది. 80 గ్రాములంటే 0.08 కిలోలు. దాన్ని గురుత్వ త్వరణం 9.8తో గుణించండి, 0.78 న్యూటన్లు వస్తుంది. చదరపు మీటరు మీద ఒక న్యూటన్ బలం పడితే ఆ పీడనమే ఒక పాస్కల్. ఇక్కడ చదరపు మీటరు మీద 0.78 న్యూటన్ల బలం ఉంది కాబట్టి ఈ కాగితం బల్లను 0.78 పాస్కల్ పీడనంతో నొక్కుతోంది. దీన్ని సగానికి చింపినా అంతే. బరువు సగమైతే కింద ఆనే వైశాల్యమూ సగమవుతుంది కదా.

పాస్కల్ అంత చిన్నది. ఇప్పుడు గాలి సంగతి చూడండి. సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనాన్ని 1,01,325 పాస్కల్స్‌గా తీసుకుంటాం. అంత పీడనం కాగితాలతో తేవాలంటే దాదాపు 1,29,000 కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఆ దొంతర 13 మీటర్లకు కాస్త తక్కువగా, నాలుగంతస్తుల మేడంత ఎత్తు వస్తుంది. మనం ఇరవై నాలుగు గంటలూ అంత పీడనంలోనే తిరుగుతున్నాం.

పాస్కల్ ఇంత చిన్నది కాబట్టే ఎవరి పనికి వీలైన కొలత వాళ్లు పట్టుకున్నారు. వాతావరణ శాఖలకు హెక్టోపాస్కల్ (100 పాస్కల్స్), డాక్టర్లకు పాదరసం మిల్లీమీటర్లు, కంప్రెసర్లు నడిపేవాళ్లకు బార్ లేదా కేజీలు, కాంక్రీటు పరీక్షించేవాళ్లకు చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లు, వ్యాక్యూమ్ పంపుల వాళ్లకు టార్ (ఇంచుమించు పాదరసం మిల్లీమీటరే). కొలిచేది మాత్రం ఒక్కటే, వైశాల్యం మీద పడే బలం. పేర్లు ఇన్ని ఉండేసరికి విద్యార్థులకు టెన్షన్ పట్టుకుంటుంది. టెన్షన్‌లో పట్టికలు బట్టీ పడతారు.

బట్టీ పట్టవద్దని చెప్పడానికే వచ్చాను. ఎనిమిది ప్రమాణాలు ఉన్నాయనుకోండి. ఒకదాని నుంచి మరోదానికి మార్చే జతలు 56 అవుతాయి. 56 సంఖ్యలు ఎవరికి గుర్తుంటాయి? అదే ప్రతిసారీ ముందు పాస్కల్‌కి వచ్చి, అక్కడి నుంచి కావలసిన చోటికి వెళితే ఏడు సంఖ్యలు చాలు. బార్ అంటే 1,00,000 పాస్కల్స్. స్టాండర్డ్ అట్మాస్ఫియర్ 1,01,325. చదరపు సెంటీమీటరుకు కేజీ ఫోర్స్ 98,066.5. పాదరసం మిల్లీమీటరు 133.322. నీటి మిల్లీమీటరు 9.80665. చదరపు సెంటీమీటరుకు న్యూటన్ 10,000. చదరపు మిల్లీమీటరుకు న్యూటన్ 10,00,000. ఉన్నదాన్ని దాని సంఖ్యతో గుణించి పాస్కల్‌కి రండి, కావలసినదాని సంఖ్యతో భాగించి బయటపడండి. మెట్రిక్ కాని పీఎస్‌ఐకీ, అంటే చదరపు అంగుళానికి పౌండ్ల లెక్కకీ, ఇదే దారి. దాని సంఖ్య 6,894.76. 32 పీఎస్‌ఐ అంటే సుమారు 2,20,600 పాస్కల్స్, అంటే 2.2 బార్.

ఈ ప్రమాణాల్లో రెండు కుటుంబాలు ఉన్నాయి. మొదటిది న్యూటన్ కుటుంబం. పాస్కల్, హెక్టోపాస్కల్, కిలోపాస్కల్, బార్, మెగాపాస్కల్ అన్నీ ఇందులోవే. వీటి మధ్య మార్పిడి అంటే దశాంశ బిందువును జరపడమే. రెండోది బరువు కుటుంబం. చదరపు సెంటీమీటరుకు కేజీ, నీటి మిల్లీమీటరు, పాదరసం మిల్లీమీటరు ఇందులోవి. ఏదో ఒక పదార్థం బరువుతో పుట్టిన కొలతలు కాబట్టి వీటి లోపల గురుత్వాకర్షణ దాగి ఉంటుంది. భూమ్మీద గురుత్వం చోటును బట్టి కొద్దిగా మారుతుంది. అందుకని 1901లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ 9.80665 అన్న విలువను ప్రామాణికంగా ఖాయం చేసింది.

బరువు కుటుంబంలోనూ లోపల్లోపల గుండ్రటి సంఖ్యలే. చదరపు మీటరు వైశాల్యం ఉన్న తొట్టెలో ఒక లీటరు నీళ్లు పోయండి. నీళ్లు సరిగ్గా ఒక మిల్లీమీటరు ఎత్తు నిలుస్తాయి. ఆ లీటరు ఒక కిలో తూగుతుంది. కాబట్టి నీటి మిల్లీమీటరు అన్నా, చదరపు మీటరుకు ఒక కేజీ అన్నా ఒకటే. చదరపు మీటరులో 10,000 చదరపు సెంటీమీటర్లు ఉంటాయి కాబట్టి చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ కావాలంటే నీళ్లు 10,000 మిల్లీమీటర్లు, అంటే పది మీటర్లు నిలవాలి. పది మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు కింద కుళాయి దగ్గర 'ఒక కేజీ ప్రెషర్' ఉందనడం ఇందుకే. ఈ కుటుంబం నుంచి ఆ కుటుంబానికి దాటేటప్పుడే 9.80665 అడ్డు వస్తుంది. పాదరసమైతే దాని సాంద్రత కూడా కలుస్తుంది. నీటి కన్నా 13.5951 రెట్లు బరువు కాబట్టి 13.5951ని 9.80665తో గుణించండి, 133.322 వచ్చేస్తుంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన సంఖ్యను మరిచిపోయినా మళ్లీ తయారు చేసుకోగలం.

పాదరసం ఈ కథలోకి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 1640లలో ఇటలీలో టొరిచెల్లి అనే శాస్త్రవేత్త ఆలోచనతో పాదరసం గొట్టం ప్రయోగం జరిగింది. పాదరసం నింపిన గొట్టాన్ని పాదరసం గిన్నెలో తలకిందులు చేస్తే లోపలి పాదరసం సుమారు 76 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. దాన్ని నిలబెట్టేది బయటి గాలి బరువే అయితే, కొండ ఎక్కితే పాదరసం దిగాలి కదా అని ఫ్రాన్స్‌లో బ్లేజ్ పాస్కల్ ఆలోచించాడు. 1648 సెప్టెంబరు 19న ఆయన బావగారు ఫ్లోరాన్ పెరియే ప్వీ ద దోమ్ అనే కొండ మీదికి గొట్టం మోసుకెళ్లి కొలిచాడు. కింద ఉన్నదానికీ శిఖరం మీద ఉన్నదానికీ తేడా సుమారు 85 మిల్లీమీటర్లు. కింద మఠంలో ఇంకో గొట్టం పెట్టి, రోజంతా మట్టం చూస్తూ ఉండమని ఒకరికి అప్పగించి మరీ వెళ్లారు. కింద మట్టం కదల్లేదు. కొండ మీద తగ్గింది ఎత్తు వల్లే అని అలా తేలింది. ఆ జాగ్రత్త నాకు ఎంతో ఇష్టం. 1971లో చదరపు మీటరుకు న్యూటన్ అనే ప్రమాణానికి పాస్కల్ పేరు పెట్టారు, తగిన గౌరవమే.

85 మిల్లీమీటర్ల పాదరసం ఎన్ని కిలోపాస్కల్స్? దీనికి నోటిలెక్క ఒకటుంది. పాదరసం మిల్లీమీటర్లను రెండుతో గుణించి 15తో భాగించండి. 170ని 15తో భాగిస్తే 11.3 కిలోపాస్కల్స్. హెక్టోపాస్కల్స్ కావాలంటే నాలుగుతో గుణించి మూడుతో భాగించాలి. 760ని అలా చేస్తే 1,013 వస్తుంది. తిరగేస్తే హెక్టోపాస్కల్స్‌లో ముప్పాతిక వంతు పాదరసం మిల్లీమీటర్లు. 1979లో టైఫూన్ టిప్ అనే పసిఫిక్ తుపాను కేంద్రంలో పీడనం 870 హెక్టోపాస్కల్స్‌కి పడిపోయింది. సముద్రమట్టం దగ్గర నమోదైన పీడనాల్లో అదే అతి తక్కువ. పాదరసంలో అది 652 మిల్లీమీటర్లు దాటి కొద్దిగా. వాతావరణం వాళ్లు మిల్లీబార్ వదిలి హెక్టోపాస్కల్‌కి మారినప్పుడు సంఖ్య ఒక్కటి కూడా మారలేదు. ఒక మిల్లీబార్ అన్నా, ఒక హెక్టోపాస్కల్ అన్నా 100 పాస్కల్సే.

ఇక తప్పులు జరిగే చోట్లు. మొదటిది వైశాల్యం. మీటరుకు 100 సెంటీమీటర్లు అని అందరికీ తెలుసు. చదరపు సెంటీమీటరుకు ఒక న్యూటన్ అనగానే చెయ్యి తనంతట తాను 100తో గుణించి 100 పాస్కల్స్ అని రాసేస్తుంది. వైశాల్యంలో పొడవూ వెడల్పూ రెండూ మారతాయి కాబట్టి 100ని 100తో గుణించాలి. జవాబు 10,000 పాస్కల్స్. బలాన్ని విడిగా, వైశాల్యాన్ని విడిగా మార్చి అప్పుడు భాగించండి, ఈ తప్పు దగ్గరికి రాదు.

కాంక్రీటు దిమ్మ లెక్క ఒకటి చేద్దాం. దిమ్మ భుజం 150 మిల్లీమీటర్లు. కంప్రెషన్ మెషీన్‌లో పెట్టి నొక్కితే 675 కిలోన్యూటన్ల దగ్గర పగిలింది. బలం 6,75,000 న్యూటన్లు. వైశాల్యం 150ని 150తో గుణిస్తే 22,500 చదరపు మిల్లీమీటర్లు. భాగిస్తే చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్లు. ఇప్పుడు అదే లెక్క మీటర్లలో చేయండి. వైశాల్యం 0.0225 చదరపు మీటర్లు. 6,75,000ని దానితో భాగిస్తే 3,00,00,000 పాస్కల్స్, అంటే 30 మెగాపాస్కల్స్. చూశారా, 30కి 30. చదరపు మిల్లీమీటరుకు న్యూటన్ అన్నా మెగాపాస్కల్ అన్నా ఒకటే. బలం, వైశాల్యం అన్న ఆలోచన చెదరకుండా ఉంటుందని డ్రాయింగుల మీద పనిచేసే ఇంజినీర్లకు మొదటి పేరే ఇష్టం. ఈ ఒక్క చోట నేనూ వాళ్ల పక్షమే.

రెండోది అక్షరం. మెగాపాస్కల్ గుర్తులో ఎం పెద్దది, మిల్లీపాస్కల్ గుర్తులో ఎం చిన్నది. ఆ రెండింటి మధ్య తేడా 100 కోట్ల రెట్లు. డేటాషీట్ టైప్ చేసేవాళ్లు అన్నీ చిన్నక్షరాల్లో కొట్టేస్తే ఉక్కు బలం కాస్తా కాగితం పీడనం కన్నా తక్కువైపోతుంది. అలాంటిది కనిపిస్తే సరిదిద్ది ఊరుకోకండి, రాసినవాళ్లకు కబురు చేయండి. కిలోకి మాత్రం ఎప్పుడూ చిన్న కె.

మూడో చోటు దగ్గర కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ గుణకారం ఏమీ తప్పకుండానే జవాబు తప్పవుతుంది. మామూలు గేజ్ బయటి గాలి కన్నా లోపల ఎంత ఎక్కువుందో అంతే చూపిస్తుంది. సున్నా చూపించే ట్యాంకులోనూ ఒక బార్ గాలి ఉంటుంది. గేజ్ రీడింగుకి బయటి వాతావరణ పీడనం కలిపితే వచ్చేది అబ్సల్యూట్ పీడనం. ప్రమాణం మార్చడానికి ఈ తేడా అక్కర్లేదు. ఏడు బార్ గేజ్ అంటే 700 కిలోపాస్కల్స్ గేజ్, మధ్యలో ఏమీ కలపకూడదు. కానీ లోపల గాలి ఎంతుందో లెక్కగట్టాలంటే అబ్సల్యూట్ తప్పనిసరి. పది లీటర్ల సిలిండర్‌లో గేజ్ నాలుగు బార్ చూపిస్తోందనుకోండి. అబ్సల్యూట్ సుమారు ఐదు బార్. బయటి పీడనానికి వదిలితే ఆ గాలి 50 లీటర్లవుతుంది. పది లీటర్లు సిలిండర్‌లోనే ఉండిపోతాయి, బయటికి వచ్చేది 40. గేజ్ ఎనిమిది చూపిస్తే 'రెట్టింపు గాలి ఉంది' అంటారు. లోపలున్నది 50 నుంచి 90 లీటర్లే అయింది, రెట్టింపు కాలేదు.

ఈ తేడా ఎంత దగ్గరగా ఉంటుందో ఐసీయూలో ఒక మంచం పక్కన నిలబడి చూస్తే తెలుస్తుంది. రక్తపోటు పాదరసం మిల్లీమీటర్లలో ఉంటుంది. వెంటిలేటర్ నీటి సెంటీమీటర్లలో చూపిస్తుంది. ఆక్సిజన్ సిలిండర్ గేజ్ మీద బార్ ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ పాక్షిక పీడనం (ఆక్సిజన్ ఒక్కదాని వాటా పీడనం) రిపోర్టు కొన్ని దేశాల్లో పాదరసం మిల్లీమీటర్లలో, కొన్నింట్లో కిలోపాస్కల్స్‌లో వస్తుంది. అన్నింటినీ పాస్కల్‌కి తెద్దాం. రక్తపోటు 120 అంటే సుమారు 16,000 పాస్కల్స్. వెంటిలేటర్ మీద 20 సెంటీమీటర్ల నీరంటే 1,961 పాస్కల్స్. సిలిండర్‌లో 150 బార్ అంటే 1,50,00,000 పాస్కల్స్. సిలిండర్‌లో ఉన్నది ఊపిరితిత్తిలోకి పంపే పీడనానికి ఏడున్నర వేల రెట్లు పైమాటే. మధ్యలో రెగ్యులేటర్ చేసే పని ఎంత పెద్దదో ఈ ఒక్క మార్పిడి చెబుతుంది.

ఇప్పుడు ఆక్సిజన్ సంగతి. ధమని రక్తంలో పాక్షిక పీడనం 100 పాదరసం మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టు. కిలోపాస్కల్స్‌లో అదే 13.3. ఒక ప్రమాణానికి అలవాటు పడ్డవాళ్ల ముందు ప్రమాణం రాయకుండా '13' అని పెడితే గుండె ఆగినంత పనవుతుంది. మిల్లీమీటర్లలో 13 అంటే మనిషి బతికే స్థితి కాదు. ఇంకో సంగతి గమనించండి. రక్తపోటు 120 గేజ్ పీడనం, బయటి 760కి పైన ఉన్నది. అబ్సల్యూట్‌గా 880. పాక్షిక పీడనం 100 మాత్రం అబ్సల్యూట్. ఒకే మంచం, ఒకే ప్రమాణం, సున్నా మాత్రం వేర్వేరు చోట్ల. పీడనం రాసేటప్పుడు సంఖ్య, ప్రమాణం, గేజా అబ్సల్యూటా అనే మూడూ రాయమని నేను పట్టుబట్టేది ఇందుకే.

రక్తపోటు కొలతను కిలోపాస్కల్స్‌కి మార్చెయ్యాలా అని అడుగుతుంటారు. వద్దంటాను. 120, 80 అనే సంఖ్యలు డాక్టర్లకే కాదు, రోగులకూ వాళ్ల ఇంట్లోవాళ్లకూ గుర్తుండిపోయాయి. ఆ పరిచయమే ప్రమాదాన్ని పసిగడుతుంది. చదరపు సెంటీమీటరుకు కేజీ సంగతి వేరు. కొత్తగా కొనే గేజ్‌ల మీద అది ఉండాల్సిన అవసరం నాకు కనిపించదు. బార్‌కి అది రెండు శాతం మాత్రమే తక్కువ, అందుకే రెండూ ఒకటేనన్న అలవాటు పడిపోతుంది. టైరులో 2.2 బార్‌కి బదులు 2.2 కేజీలు పెడితే తేడా 0.04 బార్, పట్టించుకోనక్కర్లేదు. హైడ్రాలిక్ ప్రెస్‌లో 250 బార్ అంటే 254.9 కేజీలు. అక్కడ ఐదు యూనిట్లు తేడా వస్తే, పీడనం హద్దు దాటగానే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ సెట్టింగే మారిపోతుంది.

దశాంశ స్థానాల గురించి ఒక్క మాట. 120 మిల్లీమీటర్లను మార్చి 15.99864 కిలోపాస్కల్స్ అని రాయకండి. కొలిచిన పరికరానికి లేని సూక్ష్మత మార్చినంత మాత్రాన రాదు. 16.0 చాలు. గుండ్రం చేయడం మాత్రం చివర్లోనే, పాస్కల్ దగ్గర ఆగినప్పుడు కాదు.

(సభలోంచి ప్రశ్న: ఫోన్‌లో కన్వర్టర్ ఉండగా ఇవన్నీ ఎందుకు తెలియాలి?)

కన్వర్టర్ వాడండి, నేనూ వాడతాను. కానీ దానికి ఏమి చెప్పాలో మీకే తెలియాలి. టెక్నికల్ అట్మాస్ఫియర్ అని ఒకటుంది, అది 98,066.5 పాస్కల్స్, అంటే చదరపు సెంటీమీటరుకు కేజీయే. స్టాండర్డ్ అట్మాస్ఫియర్ 1,01,325. కన్వర్టర్ జాబితాలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, మధ్య తేడా మూడు శాతం పైన. రసాయన శాస్త్రంలో ప్రామాణిక పీడనాన్ని 1982లో ఒక అట్మాస్ఫియర్ నుంచి ఒక బార్‌కి మార్చారు. పాత పుస్తకంలో విలువ ఏ పీడనం దగ్గరిదో ఫోన్‌కి తెలియదు, మీరే చూసుకోవాలి.

(సభలోంచి ప్రశ్న: మా వ్యాక్యూమ్ పంపు గేజ్ మైనస్ 0.9 బార్ చూపిస్తుంది. పంపు మారిస్తే మైనస్ 1.5 వరకు వెళుతుందా?)

వెళ్లదు. ఏ పంపైనా ఉన్న గాలిని తీయగలదు గానీ లేనిదాన్ని తీయలేదు. సముద్రమట్టం దగ్గర బయటి పీడనం 1.013 బార్ అయితే గేజ్ మైనస్ 1.013 దాటదు. మీ మైనస్ 0.9 సముద్రమట్టం దగ్గరిదైతే లోపల మిగిలింది 0.113 బార్, అంటే 11,300 పాస్కల్స్, పాదరసంలో 85 మిల్లీమీటర్లు. వ్యాక్యూమ్ వాళ్ల భాషలో 85 టార్. అదే పంపును బయటి పీడనం 0.9 బార్ ఉండే కొండ ప్రాంతంలో పెట్టారనుకోండి. అక్కడ ముల్లు మైనస్ 0.9 దగ్గర నిలిస్తే లోపల దాదాపు ఏమీ మిగల్లేదన్నమాట. ముల్లు నిలిచిన చోటు ఒకటే, లోపలున్న గాలి మాత్రం ఒకటి కాదు. అందుకే గట్టి వ్యాక్యూమ్ కావలసిన పనుల్లో ఈ మైనస్ గేజ్ చూడరు, అబ్సల్యూట్ గేజ్ బిగించి పాస్కల్‌లోనో మిల్లీబార్‌లోనో టార్‌లోనో చదువుతారు. మీ పంపుకీ అలాంటిది ఒకటి బిగించండి, అప్పుడు చెప్పండి ఎంత చూపించిందో.